రేకుముఖం పక్షాన

ఏటి నీళ్ళు రెండోసారి ఊళ్ళోకి వచ్చిన ఏడు జరిగింది ఇది. మొదటిసారి గడపల దాకా వచ్చి బుద్ధిగా వెనక్కి వెళ్ళిపోయాయి. రెండోసారి మాత్రం పిలవని చుట్టాల్లా లోపలికొచ్చి, మంచాలెక్కి, తీరిగ్గా కూర్చుని గాని కదల్లేదు.

నీళ్ళు తీశాక ఏ ఇంటి గుట్టు ఆ ఇంటి ముందు ఎండకు పడింది. ఒకరివి పరుపులు, ఒకరివి పెళ్ళి ఫోటోలు. డెంటింగు మేస్త్రి ఇంటి ముందు బొమ్మల పుస్తకాలు పడ్డాయి.

ఆయన పని కార్ల షెడ్డులో. సొట్టపడిన తలుపుల్నీ బానెట్లనీ లోపలి వైపు నుంచి సుత్తితో కొట్టి మళ్ళీ నున్నగా తేవడం. మాట తక్కువ మనిషి. ఆ సుత్తి మోతలో మాట్లాడే అలవాటే తప్పిందని షెడ్డులోవాళ్ళు అంటారు, పుట్టుకే అంతని ఆయన భార్య అంటుంది. యాభై దాటిన ఆ మనిషి మంచం కింద తాళం వేసిన పెట్టెలో 'ఇనుప ఓడ' సంచికలు దాచుకున్నాడని అప్పటిదాకా ఇంట్లోవాళ్ళకే తెలీదు. పనిముట్లేమో అనుకున్నారు.

'ఇనుప ఓడ' ఒకప్పుడు వారం వారం వచ్చిన బొమ్మల కథ. చుక్కల మధ్య తిరిగే ఓడ, దానికో కెప్టెను, కెప్టెనుకో కూతురు, ముఖానికి రేకు తొడుక్కుని తిరిగే ఒక మనిషి. ఆ మనిషిని అందరూ రేకుముఖం అనేవారు. పత్రిక మూతబడి చాలా కాలమైంది. మేస్త్రి పాత కాగితాల కొట్లో ఒక్కొక్కటీ ఏరి తెచ్చుకున్నాడు. చదువు మూడో తరగతిలో ఆగింది. షాపు బోర్డులు కూడబలుక్కోగలడు గాని, బొమ్మల్లో మనుషుల నోటి పక్కన చీమల బారులా ఉండే ఆ సన్న అక్షరాలు ఆయనకు లొంగలేదు. లొంగకపోతే మానె, బొమ్మలున్నాయి కదా అనుకున్నాడు. బొమ్మ వెంట బొమ్మ పట్టుకుని కథ తానే అల్లుకున్నాడు.

తడిసిన సంచికలు అరుగు మీద పరిచి పేజీల మధ్య పుల్లలు పెడుతుంటే, పక్కింట్లో ఉండే బావమరిది వచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు.

"ఏంటి బావా ఇవి? నీవేనా?"

మేస్త్రి తలూపాడు.

"ఆ పెట్టెలో అక్క నగలున్నాయేమోనని ఇన్నాళ్ళూ మర్యాదగా కూర్చునేవాణ్ణి ఆ మంచం మీద." వీధికి వినబడేట్టు గొంతు పెంచాడు. "ఎవరన్నా ఉంటే ఇటు రండి, మా బావ ఒకటో క్లాసులో చేరాడు."

"నోర్ముయ్యరా," అంది మేస్త్రి భార్య బట్టలు పిండుతూ. తమ్ముణ్ణి కసిరి, మొగుడి వైపు తిరిగింది. "అయినా మీరు మాత్రం? పరుపు ఎండేసుకుంటారా, బొమ్మలు ఎండేసుకుంటారా ఎవరైనా?"

మేస్త్రి ఇంకో పేజీ మధ్య పుల్ల పెట్టాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అటుగా వెళుతున్న బట్టలు కుట్టే ఆవిడ ఆగిపోయింది. వీధి చివర ఆవిడ కొట్టు. నీళ్ళల్లో నానిన మిషను బాగుచేయించడానికి చంకన పెట్టుకుని వెళుతోంది. దాన్ని అరుగు మీద దింపి, వంగి చూసింది.

"అన్నా, ఇది ఎన్నో సంచిక?"

మేస్త్రి ఓడకు నిప్పంటుకున్న బొమ్మ మీద వేలు పెట్టి చూపించాడు.

ఆవిడ ఆయన ముఖంలోకి ఓసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించింది. "మీరు మాలోవాళ్ళేనన్నమాట. లైబ్రరీ మేడమీద ఆదివారం పూట కలుస్తాం అన్నా, ఓడవాళ్ళం. రండి."

మిషను ఎత్తుకుని వెళ్ళిపోయింది. మాలోవాళ్ళు అన్న ఆ ఒక్క మాట మేస్త్రి ఒంట్లో గాజుపెంకులా దిగబడింది.

ఆ వారమంతా ఆయనకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎక్కడికో వెళ్ళాలనిపించింది. షెడ్డులో ఒక బానెట్ సొట్ట తీయబోయి దాన్ని ఇంకా పెద్దది చేశాడు. అలా ఎప్పుడూ జరగలేదు. షెడ్డు యజమాని వచ్చి చూసి, "ఒంట్లో బాగుందా మేస్త్రీ?" అని అడిగితే, బాగుందన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయనకు కావలసింది పెద్దదేం కాదు. రేకుముఖం ఎలాంటివాడో ఒక్క మనిషికి నోరు విప్పి చెప్పాలి. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. చెబితే వినేవాళ్ళున్నారని తెలిశాక కడుపులో ఆగడం లేదు.

ఆదివారం షెడ్డుకు పోయొస్తానన్నాడు.

"ఇస్త్రీ చొక్కా వేసుకుని ఏ కారు కిందికి దూరతారు?" అంది భార్య. ఆయన అప్పటికే గడప దాటాడు.

లైబ్రరీ మెట్లు సగం ఎక్కి దిగాడు. రోడ్డు దాటి టీ తాగాడు. మళ్ళీ ఎక్కి, లోపల నవ్వులు వినబడేసరికి మళ్ళీ దిగబోయాడు. బట్టలు కుట్టే ఆవిడ పైనుంచి చూసి, "ఓడ బయల్దేరుతోందన్నా," అంది. ఇక దిగడానికి మొహం చెల్లలేదు.

గదిలో కుర్చీలు గుండ్రంగా వేసున్నాయి. మధ్యలో లెక్కల టీచరమ్మ. జుట్టు నెరిసింది, గొంతులో బెత్తం ఇంకా ఉంది. ఆవిడ పక్కన కెప్టెను టోపీ పెట్టుకుని మందుల షాపతను. మిగతా వాళ్ళు రకరకాల వాళ్ళు. ఒకాయన చొక్కా జేబు మీద ఓడ బొమ్మ కుట్టించుకున్నాడు. ఎవరూ ఎవరినీ చూసి నవ్వడం లేదు. కుర్చీ చివర కూర్చున్న మేస్త్రి ఇది గమనించి కొంచెం వెనక్కి జరిగి కూర్చున్నాడు.

అక్కడ పద్ధతి ఏమిటంటే, పాత సంచిక ఒకటి చేతులు మారుతూ వస్తుంది. ఎవరి చేతికి వచ్చిన పేజీ వాళ్ళు పైకి చదవాలి. కెప్టెను మాట వస్తే కెప్టెను గొంతు పెట్టాలి, కూతురి మాట వస్తే కూతురి గొంతు. రేకుముఖం వచ్చాడంటే మాత్రం అందరూ కాళ్ళు నేలకేసి దబదబా కొట్టాలి. ఆ మోతకు కింద లైబ్రరీ గుమాస్తా ప్రతి ఆదివారం విసుక్కుంటాడు.

రేకుముఖం రానే వచ్చాడు. గదంతా కాళ్ళు మోగించింది.

మేస్త్రి చుట్టూ చూశాడు. తాను ఒంటిగా, దొంగచాటుగా ఇష్టపడ్డ మనిషికి ఇంతమంది స్వాగతం చెబుతున్నారు. తనూ కాళ్ళు కొట్టాడు. అందరికంటే గట్టిగా, షెడ్డులో వేసుకునే బూట్లతో, అందరూ ఆపేశాక కూడా ఇంకాస్త కొట్టాడు.

మందుల షాపతను ఆయన భుజం తట్టాడు. "అదీ. వాడంటే పెద్దాయనకెంత మంటో చూడండి."

మంటేమిటో మేస్త్రికి అర్థం కాలేదు. అర్థం చేసుకునే లోపే సంచిక ఆయన చేతిలోకి వచ్చింది. చీమల బార్లు. కాని ఆ బొమ్మలు తెలిసినవే, కళ్ళు మూసుకున్నా కనబడేవే. బొమ్మ మీద వేలు పెట్టి మొదలుపెట్టాడు.

"ఓడకు నిప్పంటుకుంది. పిల్ల సొమ్మసిల్లింది. తండ్రి పైన చుక్కల వైపు చూస్తున్నాడు, ఆయనకు తెలీదు. రేకుముఖం ఆ పిల్లను ఎత్తుకుని మెట్లు దిగుతున్నాడు. తన కోటు తీసి కప్పాడు. వేడి తగలకుండా తన వీపు నిప్పు వైపు పెట్టుకున్నాడు."

ఎవరో కిసుక్కున నవ్వారు.

"హాస్యం బాగుంది పెద్దాయనా," అన్నాడు మందుల షాపతను. "ఇప్పుడు అక్కడ ఉన్నది చదవండి."

"ఉన్నదే."

అతను మెడ చాచి, పేజీ అందుకుని, బొంగురు గొంతు పెట్టాడు. "'అరిచావంటే గొంతు పిసుకుతా పిల్లా. నీ తండ్రి ఓడ ఇక నాది.' ఇదండీ ఉన్నది. ఆ నిప్పు పెట్టింది కూడా వీడే. వీణ్ణి తిట్టడానికే కదా మనం కాళ్ళు కొట్టేది."

గది ఘొల్లుమంది. చెడ్డ నవ్వేం కాదు, అయినా నవ్వు నవ్వే. మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. లేచి, కుర్చీ సర్దిపెట్టి, మెట్లు దిగిపోయాడు.

కింద స్కూటరు తాళం తీశాడు, వేశాడు, మళ్ళీ తీశాడు. ఇంటికి పోతే పెట్టె ఉంటుంది, సంచికలుంటాయి, రేకుముఖం మాత్రం ఉండడు. ఆ బొంగురు గొంతు చెవిలో పడ్డాక ఆ బొమ్మల్ని మునుపటిలా ఎలా చూడాలి? ఉన్న ఒక్కటీ పోగొట్టుకోవడానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చినట్టయింది.

బట్టలు కుట్టే ఆవిడ దిగి వచ్చింది. "వెళ్ళిపోతున్నారా?"

"నాకు చదువు రాదమ్మా."

"ఆ రోజే తెలుసు. నంబరు అడిగితే బొమ్మ చూపించారు." స్కూటరు హాండిల్ మీద చెయ్యి వేసింది. "వాడు మంచివాడని ఎందుకనిపించిందన్నా మీకు?"

"ప్రతి వారం చివరి బొమ్మ అతనిదే. కథ ఎవరిదైతే వాళ్ళే చివర ఉంటారనుకున్నా."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "భయపెట్టడానికన్నా అది. ఏమవుతుందోనని వచ్చేవారం కూడా కొంటామని."

మేస్త్రి మూతి ఒక పక్కకు కదిలింది. అది ఆయన నవ్వు. కాసేపు స్కూటరు అద్దంలో తన ముఖం చూసుకున్నాడు.

"నేను కొన్నాగా," అన్నాడు. తాళం జేబులో వేసుకుని మెట్ల వైపు నడిచాడు.

పైన అప్పటికే ఆయన చెప్పిన కథ మీద గొడవ సాగుతోంది. ఆయన గుమ్మంలో నిలబడేసరికి సద్దుమణిగింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక వెనక్కి కట్టుకున్నాడు.

"నాకు అక్షరాలు రావు. బొమ్మలు చూసుకున్నా. మీరు చదివింది తప్పని నేననను. అక్కడ రాసుంటే రాసుంటుంది. కాని నా ఓడలో అతను మంచివాడు. అతను లేకపోతే నాకీ కథ అక్కర్లేదు. అతన్ని వదిలేసొస్తేనే ఇక్కడ కుర్చీ అంటే, వెళ్ళిపోతా."

ఆయన ఒక్క గుక్కలో అంత మాట్లాడగా చూసినవాళ్ళు లేరు.

"ఎట్లాగండీ అది," అన్నాడు మందుల షాపతను. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "రాసినాయన ఒకటి రాస్తే మనమొకటి అనుకుంటామా? రేపు కెప్టెనే దొంగంటారు."

"అనను. కెప్టెను మంచివాడే. కాస్త చూసుకోడు, అంతే."

ఈసారి నవ్వు ఆయన చుట్టూ తిరిగింది గాని ఆయన మీద పడలేదు. ఓడ బొమ్మ కుట్టించుకున్నాయన, "నిజమే, ఎప్పుడూ పైకే చూస్తుంటాడు," అన్నాడు.

టీచరమ్మ కళ్ళజోడు సవరించుకుంది. "మేస్త్రిగారూ, ఆ పిల్లని ఎక్కడికి తీసుకెళుతున్నాడు, మీ లెక్కలో?"

"చిన్న పడవ దగ్గరికి."

"తర్వాత?"

"తర్వాత..." మేస్త్రి కుర్చీ చివర కూర్చున్నాడు. చెప్పాడు. ముందు ముక్కలు ముక్కలుగా, తర్వాత ఆగకుండా. పడవలో ఇద్దరికి చోటు లేదని, అందుకే రేకుముఖం మంటల్లోకి తిరిగి వెళ్ళాడని, ముఖానికి రేకు ఆ తర్వాతే వచ్చిందని. ఓడకు నిప్పంటుకోక ముందు సంచికల్లోనే ముఖానికి రేకు ఉంది కదా అని ఎవరో సందు చూసుకుని అడ్డం పడ్డారు. మేస్త్రి ఆలోచించి, నాకు ఆ సంచికలు చివర దొరికాయన్నాడు. దానిమీద ఇంకో వాదం లేచింది. టీ చల్లారిపోయింది.

అప్పటినుంచి పద్ధతి కొంచెం మారింది. ముందు ఒకరు ఉన్నది చదవాలి, ఆ తర్వాత మేస్త్రి అవే బొమ్మలకు తన ఓడ కథ చెప్పాలి. ఆ పూటే మళ్ళీ రేకుముఖం వచ్చినప్పుడు సగంమంది కాళ్ళు కొట్టారు. బట్టలు కుట్టే ఆవిడ కొట్టలేదు. టీచరమ్మ కాలెత్తి, ఏ పక్షమో తేలక మెల్లగా దింపేసింది. మందుల షాపతను పంతానికి రెండింతలు కొట్టాడు.

"నేను మారనండీ," అన్నాడు.

"మారొద్దు," అన్నాడు మేస్త్రి. "మీరు కొట్టకపోతే అతనొచ్చినట్టు తెలీదు నాకు."

ఆ సాయంత్రం మేస్త్రి తిన్నగా ఇంటికి పోలేకపోయాడు. స్కూటరు మీద ఊరికే వీధులు తిరిగాడు. మనసు ఒకచోట నిలవడం లేదు, కాని ఇదివరకటి నిలవకపోవడం కాదు ఇది. ఏదో చేతుల్లోకి వచ్చి కూర్చుంది.

మర్నాడు పొద్దున షెడ్డు తలుపు తీసేసరికే వచ్చి ఉన్నాడు. వరదలో మునిగి ఎవరికీ పనికిరాకుండా మూల పడేసిన కారు దగ్గరికి వెళ్ళి, బానెట్ మీద తుప్పు పట్టని చోటు వెతికి, ఒక ముక్క కత్తిరించాడు. ఇసక సంచి మీద పెట్టి, గుండ్రటి సుత్తితో లోపలి నుంచి నిదానంగా కొట్టడం మొదలుపెట్టాడు. నుదురు వచ్చింది. చెంపలు వచ్చాయి. ముక్కు కుదరక మళ్ళీ కొట్టాడు.

యజమాని టీ గ్లాసుతో వచ్చి పక్కన నిలబడ్డాడు. "ఇది ఏ బండి పార్టు మేస్త్రీ?"

"బండిది కాదు. ముఖం."

"ఎవరికి?"

"నాకే. ఆదివారానికి కావాలి."

యజమాని అడగబోయింది ఏదో ఉంది గాని టీతో పాటు మింగేశాడు. మేస్త్రి చెవి వెనక సుద్దముక్క తీసి, కళ్ళ చోటు గుర్తు పెట్టుకోవడానికి ఆ రేకును తన ముఖానికి ఆనించుకున్నాడు.