గోడౌన్‌లో నాలుగో వైపు

లోకానికి పొడవు, వెడల్పు, ఎత్తు ఇంతేననీ, ఆ మూడింట్లో కనబడకుండా చేసింది తప్పే కాదనీ అనుకునేవాడివి నువ్వే కదూ? బుద్ధి తెచ్చుకో. మండపేటలో కుక్కుటేశ్వరరావూ అలాగే అనుకున్నాడు.

ఆయనది ధాన్యం వ్యాపారం. పొద్దున్నే స్నానం చేసి, గోడౌన్ తాళం తీసి, బస్తాల కింద చెమ్మ చేరిందేమో చూసుకున్నాకే కాఫీ తాగేవాడు. పల్లపు రైతులు వరదకి భయపడి, కోతలవగానే విత్తనాల బస్తాలు ఆయన దగ్గర దాచుకునేవారు. ఆ గోడౌన్‌కి పొడవు, వెడల్పు, ఎత్తు కాక ఇంకో వైపు ఉండేది. ఈశాన్యం మూల నిలబడి, కుడికీ ఎడమకీ పైకీ కిందికీ కాకుండా అడుగేస్తే అందులోకి వెళ్ళొచ్చు. లోపల మాత్రం వెనక్కి తిరగకూడదు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే వెనకడుగులు వేస్తూ రావాలి. హమాలీలకి అది మామూలే.

అల్లుడు జయంత్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. "సృష్టికి ఇలాంటివి పదో పదకొండో ఉండొచ్చంటారు మావయ్యగారూ. మిగతావి చుట్టచుట్టుకుని ఉంటాయట," అన్నాడోసారి.

"మనకొకటి విప్పుకుని ఉంది. చాలదేంటండీ?" అన్నాడాయన.

ఆ శ్రావణంలో వరద నారుమళ్ళని ముంచేసింది. వారంలో మళ్ళీ విత్తకపోతే పంట పోయినట్టే. తునిలో విత్తనాలకి గిరాకీ పెరిగిందని విని, కుక్కుటేశ్వరరావు రైతుల బస్తాలన్నీ నాలుగో వైపుకి తోయించాడు. మర్నాడు కౌలురైతు చంద్రరావు వచ్చాడు.

"నీ బస్తాలు తడిసి మొలకెత్తాయయ్యా. పారబోయించాను."

"ఆ మొలకలైనా చూపించండి శెట్టిగారూ, దండం పెట్టుకుని పోతాను."

"పారబోశానన్నానా?"

"మరి ఆ నాలుగో వైపు?"

"ఖాళీ."

"ఖాళీ చోటికి పొద్దుటినించి మూడుసార్లు వెళ్ళారటండి. గాలి పీల్చుకోడానికాండి?"

హమాలీలు నవ్వారు. ఆయన అందర్నీ భోజనాలకి తరిమేసి, బస్తాల చెమ్మ చూడ్డానికి నాలుగో వైపులోకి వెళ్ళాడు. చంద్రరావు మాత్రం కదల్లేదు. గుమ్మంలోంచి కేకేశాడు. "శెట్టిగారండోయ్! అమ్మగారికి అంతా చెప్పేశానండి!"

ఆయన కంగారులో నియమం మరిచి గిరుక్కున తిరిగి, ముందుకి నడుస్తూ బయటికొచ్చాడు. కుడిబుగ్గ మీది పుట్టుమచ్చ ఎడమబుగ్గ మీదుంది. క్యాలెండర్లో అంకెలు ఆయనకి తిరగబడి కనిపించాయి. కుడిచెయ్యి ఎడమవైపుకి వచ్చేసింది.

భయపడి ఆ మధ్యాహ్నమే బస్తాలన్నీ బయటికి తీయించాడు. గుప్పెడు గింజలు తీసి చంద్రరావుకి ఇవ్వబోయాడు. చంద్రరావు పట్టిన తువ్వాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఎడమచేత్తో ఇచ్చిన విత్తనం మడిలో చల్లనండి."

"ఇది నా కుడిచెయ్యేనయ్యా!"

"అది మీకు తెలుసు. మడికి తెలీదు కదండి."

చివరికి ఆయన భార్య మహాలక్ష్మమ్మ వచ్చి అందరికీ పంచింది. నాలుగోనాటికి మళ్ళు విత్తారు.

మాఘంలో మనవరాలి అన్నప్రాసన. తాతగారే మొదటి ముద్ద పెట్టాలన్నారు. ఆయన ఇప్పుడు కుడివైపున్న పాత ఎడమచేత్తో పరమాన్నం ఎత్తితే, అలవాటు లేని వేళ్ళు పట్టు తప్పి, ముద్ద పాప గౌను మీద పడింది. రెండో చెయ్యి చాపబోయాడు.

"వద్దు నాన్నా," అంది కూతురు శ్రీదివ్య.

ఊరందరి అన్నం తన గోడౌన్‌లోంచే వెళ్ళాలనుకున్నవాడు పక్కకి జరిగి నిలబడ్డాడు. పాప నోరు తెరిచింది. ముద్ద వియ్యంకుడు పెట్టాడు.