ఖాళీ బరువు

"ఇంజను చూడొద్దమ్మా, అది మనకు అక్కర్లేదు. బండి పక్కన రంగుతో ఖాళీ బరువు రాసుంటారు. అది ఎంత తక్కువుంటే మనకు అంత మేలు."

నేను కృష్ణగిరి బస్సు ఎక్కేలోపల నా కొడుకు నరేష్ ఈ మాట మూడుసార్లు చెప్పాడు. చీటీ మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు పెద్దగా రాసి చేతిలో పెట్టాడు. బండి మీద ఆ అక్షరాలు వెతికి, వాటి పక్కనున్న అంకె చదవాలి. తొమ్మిది వందల కిలోలు దాటితే ఆ బండి వద్దు. ఇంజను తీసి మేము పెట్టబోయే బ్యాటరీలే నాలుగు వందల కిలోలు ఉంటాయి.

హోసూరు దగ్గర తళి దారిలోని ఒక పూలతోటలో మాకు పని. ప్లాస్టిక్ కప్పిన ఎనిమిది షెడ్లు పల్లంలో ఉంటాయి, ప్యాకింగ్ గది మిట్ట మీద ఉంటుంది. కోసిన పూలను నీళ్ల బకెట్లలో నిలబెట్టి పైకి చేర్చాలి. మా ఆయన ఉన్నప్పుడు ఆయన, తరువాత నరేష్, డీజిల్ బండితో ఆ పని చేశారు. రెండువేల ఆరులో, పొగ తగిలి పువ్వు రెండు రోజుల ముందే వాడిపోతోందని విమానంలో పైదేశాలకు వెళ్లిన సరుకును అక్కడివాళ్లు వద్దన్నారు. తోట మేనేజరు ప్రసాదు మమ్మల్ని పిలిచి చెప్పేశాడు. వచ్చే నెల నుంచి పొగబండి లోపలికి రాకూడదు. కరెంటు బండి తెచ్చి, నెలాఖరు శనివారం ఎనభై బకెట్లతో మిట్ట ఎక్కి చూపిస్తే పని మాదే. లేకుంటే బెంగుళూరు నుంచి ఒకాయన వస్తాడు.

మా చేనులో బోరు ఎండి మూడేళ్లయింది. ఈ పని పోతే ఇంకొకటి లేదు. హోసూరులో మూతపడిన ఫ్యాక్టరీలో నరేష్ బ్యాటరీతో నడిచి బరువులెత్తే ఫోర్క్‌లిఫ్టు బండ్లు బాగుచేసేవాడు. అలాంటి బండి పాత మోటారు ఒకటి, పన్నెండు బ్యాటరీలు సంపాదించాడు. వాటికోసం ఆవులు రెండూ పోయాయి. మా డీజిల్ బండి అడుగంతా తుప్పు, బ్యాటరీల బరువు మోయలేదు. అందుకే వేరే బండి వెతుకులాట. ఒక్కరోజు మానినా పని చేజారుతుందని నరేష్ తోటలోనే ఉండి, నన్నూ మా బావనూ పంపాడు.

మా బావ అశ్వత్థప్ప మా ఆయనకు అన్న. నలభై ఏళ్లుగా ఊళ్లో ఎవరు ఎద్దులు కొన్నా ఆయన్ను వెంట పిలుచుకుపోతారు. పళ్లు చూసి వయసు చెబుతాడు, వీపు తట్టి బలం చెబుతాడు. చదువు మాత్రం లేదు. నేను నలభై ఆరో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. అంకెలైతే ఎక్కడున్నా తప్పులేకుండా చదువుతాను.

కృష్ణగిరిలో పాతబండ్లు అమ్మే ముత్తప్ప మమ్మల్ని చూసి నవ్వాడు. "ఏమక్కా, ఇంజను చూడకుండానే చుట్టూ తిరగతాండారే?"

"ఇంజను మాకొద్దప్పా. తీసేస్తాము."

"తీసేసి? తోసుకోని పోతారా?"

"కరెంటుతో పోతుంది."

"సరేలేమ్మా. వైరు యాడ తగిలిస్తారు, దోవ పొడుగునా కరెంటు కంబాలకా?"

అక్కడ మూడు చిన్న సరుకుబండ్లున్నాయి. మొదటిదాని మీద 860. రెండోదాని మీద 895. మూడోది కొత్తగా నీలంరంగు పూసుకుని ఉంది. దానిమీద 740. నేను మళ్లీ చదివాను. చీటీ పక్కన పెట్టి అక్షరాలు పోల్చాను. ఏడు, నాలుగు, సున్నా.

బావ అప్పటికే నీలంబండి వెనకకు పోయి వంగి చూస్తున్నాడు. వేలి కణుపులతో సరుకు తొట్టిని తట్టాడు. మొదటి బండి దగ్గరికి పోయి దాన్నీ తట్టి, మళ్లీ వచ్చాడు.

"నంజమ్మా, ఇది రాళ్లు మోసిన గొడ్డు. చక్రాల మీద బరువు మోసే కమాన్ పట్టీలు చూడు, తొమ్మిదుండాయి. ఆ మొదటిదానికి అయిదే."

"బావా, దీనిమీద ఏడు వందల నలభై అని ఉండాది. అన్నిటికంటే తక్కువ."

"రాసిండారా?"

"రాసిండారు."

ఆయన ఆ తెల్లటి అంకెలను చాలాసేపు చూశాడు. చెయ్యి తొట్టి మీద నుంచి తీసేశాడు.

"అట్లయితే నువ్వే చెప్పమ్మా. చదివినదానివి. నాకేం తెలుసు?"

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఇరవై ఎనిమిదేళ్లు. ఆ మాట ఆయన నోట ఎప్పుడూ వినలేదు. ఎందుకు తట్టావు బావా, నీకేం తెలిసింది అని ఒక్కమాట అడగవలసింది. అడగలేదు. నాకు సంతోషంగా ఉండింది. నీలంబండే కొన్నాము.

మూడు వారాలు నరేష్ రాత్రనక పగలనక పనిచేశాడు. ఇంజను దించి మోటారు బిగించాడు. బ్యాటరీలు సగం సీటు కింద, సగం తొట్టి కింద సర్దాడు. గురువారం పొద్దున బండి చప్పుడు లేకుండా కదిలి చదునునేల మీద పరుగెత్తింది. మా ముగ్గురి ముఖాలూ వెలిగాయి. అరగంట తరువాత, ఎనభై బకెట్లు పెట్టి చూస్తే, తోట మిట్ట సగం ఎక్కి ఆగిపోయింది. వైర్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కాయి.

నరేష్ అన్నీ విప్పి చూశాడు. తప్పు దొరకలేదు. చివరికి బండిని గ్రానైటు ఫ్యాక్టరీ తూకానికి తోలుకుపోయాము. పాత ఇంజను పోయి, బ్యాటరీలు చేరి, లెక్కప్రకారం వెయ్యీ నలభై కిలోలు రావాలి. పద్నాలుగు వందల డెబ్బై వచ్చింది.

నరేష్ బండి కిందికి దూరి, మేకుతో రంగు గీకాడు. పాత చట్రానికి కింద ఇంకో వరుస ఇనుము అతికి ఉంది. తొట్టి అడుగున మందపు రేకు, దానిమీద ఇంకొక రేకు. రాతిపలకలు మోయడానికి ఎవరో చేయించుకున్నారు. ముత్తప్పకు ఫోను చేశాను. "బండి బుక్కులో ఉండేదే రాసినానక్కా," అన్నాడు. అది నిజమే. పుట్టిన రోజున దాని బరువు అది.

"నేను చదివింది తప్పు కాదురా," అన్నాను. ఆ మాట నా చెవికే అసహ్యంగా వినిపించింది.

బావ నేల మీద కూర్చున్నాడు. "నాకు ఆపొద్దే తెలుసురా నరేషూ. తడితే దిమ్మ మాదిరి పలికింది. చదివిన మనిషి చెప్తావుంటే చేతికి తెలిసింది ఏమని చెప్పేది అని నోరు మూసుకోని సుమ్మనున్నా."

"సుమ్మనున్నావా!" నరేష్ చేతిలోని పానా విసిరేశాడు. "ఊరంతా గొడ్లు కొనేకి నీ చెయ్యి కావల్ల. మాకు మాత్రం సుమ్మనుంటావా పెద్దనాయినా? ఇద్దరూ కలిసి నన్ను ముంచినారు. ఆ పొద్దు నేనే పోయింటే సరిపోతా ఉండె."

వాడు ఆ రోజు అన్నం తినలేదు. బ్యాటరీల పక్కన కూర్చుని తన చేతులనే చూసుకున్నాడు. మళ్లీ తిట్టినా బాగుండేది.

శుక్రవారం తెల్లారగానే నేనే సుత్తి తీసుకుని తొట్టి మీద కొట్టడం మొదలుపెట్టాను. ఒక రివెట్టు కూడా ఊడలేదు. అయినా కొట్టాను. ఆ చప్పుడుకు నరేష్ లేచి వచ్చి సుత్తి లాక్కున్నాడు. "అట్ల కాదమ్మా. పక్కకు జరుగు." గ్యాసు కటింగ్ చేసేవాడిని పిలుచుకువచ్చాడు. రేకులు రెండూ కోయించాడు. బావ కమాన్ పట్టీలు నాలుగు విప్పి పక్కన వేశాడు. తొట్టికి మామిడిపండ్ల పెట్టెల చెక్కలు కొట్టాము. చట్రానికి అతికిన ఇనుము మాత్రం ఉండిపోయింది. దాన్ని కోస్తే బండి నడుముకు విరుగుతుందని నరేష్ అన్నాడు.

"తొమ్మిది వందల హద్దు లెక్కన చూసినా, ఇంకా నూటిరవై కిలోలు ఎక్కువే ఉంటుంది," అన్నాడు. నేను ఇంకో చెక్క అందుకుని మేకు కొట్టాను.

శనివారం పదిగంటలకు ప్రసాదు మిట్టమీద గొడుగు వేసుకుని నిలబడ్డాడు. ఎనభై బకెట్లు ఎక్కించాము. బండి కదిలింది. సగం దాటింది. మనిషి నడక కంటే నిదానమైంది. ముప్పావు దగ్గర మోటారు మూలిగి ఆగిపోయింది. నరేష్ బ్రేకు మీద నిలబడ్డాడు. బావ పరుగెత్తి భుజం ఆనించాడు.

"తోసే బండి కాదు నేను అడిగింది!" పైనుంచి ప్రసాదు అరిచాడు.

నేను వెనక తలుపు తీసి బకెట్లు దించసాగాను. పది. పదిహేను. ఇరవై దించేసరికి బండి కదిలింది. ఆగకుండా పైకి చేరింది. నేను ఖాళీ చేతులతో వెనకే పరుగెత్తాను.

"అరవయ్యే," అన్నాడు ప్రసాదు.

"సార్, బండిది తప్పు లేదు. వాడిదీ లేదు. ఎంచింది నేను. బరువైన బండి ఎంచినాను. పని తీసేయొద్దు సార్, మాకు ఇంగేం లేదు."

ప్రసాదు నరేష్‌ను చూశాడు, కాలుతున్న వాసన వస్తున్న మోటారును చూశాడు. "మూడు షెడ్లు మీకు. దగ్గరివి. మిగతా అయిదూ బెంగుళూరు ఆయనకు. అంతకు మించి నన్ను అడగొద్దమ్మా."

నరేష్ తల ఊపాడు. ఎనిమిది షెడ్లతోనే నెల గడిచేది కాదు. మూడింటితో ముగ్గురం ఏం తినాలో, ఆ బ్యాటరీలు ఎన్నాళ్లు ఉంటాయో అప్పుడు నేను ఆలోచించలేదు. దించిన బకెట్లు ఎండలో ఉన్నాయి. పువ్వు వాడితే ఆ మూడు షెడ్లూ పోతాయి. కిందికి పోయి రెండు చేతులకూ రెండు తీసుకున్నాను. బావ అప్పటికే ఇంకో రెండు ఎత్తుకుని, నీళ్లు తొణకకుండా మెల్లగా మిట్ట ఎక్కుతున్నాడు. మరో పదహారు మిగిలాయి.