విప్పని పెట్టెలో మిక్సీ

నేను ఒక మిక్సీని. పచ్చళ్ళు రుబ్బడానికే పుట్టాను గానీ, ఇన్నేళ్ళలో ఒక్క మిరపకాయ ముఖం చూసి ఎరుగను.

ఫ్యాక్టరీలో నన్ను అట్టపెట్టెలో పెట్టి, దాని మీద ధర అచ్చు వేశారు. విజయనగరంలో కొట్టు యజమాని ఆ ధర కనబడకుండా, ఇంకా పెద్ద ధరతో స్టిక్కరు అంటించాడు. ఆపైన 'పండుగ తగ్గింపు' అని బోర్డు కట్టి, అసలు ధర కంటే ఎక్కువకే అమ్మాడు. తగ్గించారంటే చాలు, ఎంత పెంచి తగ్గించారని మనుషులు అడగరు.

నన్ను కొన్నది అప్పలనరసమ్మ. కుడి చెయ్యి విరిగి అతుక్కున్నాక ఆమె ఆ చేత్తో రోట్లో నూరలేకపోయింది. గోంగూర పచ్చడి లేనిదే ఆమెకు ముద్ద దిగదు. కొత్త వస్తువు ఏదైనా సరే, పసుపు రాసి బొట్టు పెట్టందే విప్పదు. ఆ రోజు పెట్టెకు తడి పసుపు దట్టంగా పట్టించింది. స్టిక్కరు నాని ఊడివచ్చింది, కింద అసలు ధర బయటపడింది.

"ఓలమ్మా! ఇంత మోసమేటి?" అని పక్కింటి ఇందుమతిని కేకేసింది. ఇందుమతి వినియోగదారుల సంఘంలో పనిచేస్తుంది.

"అచ్చువేసిన ధర మీద ఇంకో ధర అంటించకూడదు పిన్నీ, చట్టం ఒప్పుకోదు. కేసు వేద్దాం. ఎక్కువ తీసుకున్నది అడుగుదామా, మొత్తం డబ్బు అడుగుదామా?"

"మొత్తం అడుగు. ఈ దొంగ సరుకు నాకెందుకు? ఆడి మొకానే కొట్టేద్దుం."

"అయితే పెట్టె విప్పకండి. ఇదే సాక్ష్యం."

సాక్ష్యం అంటే గౌరవమే, కాదనను. కానీ వంటింటి అటక మీద కూర్చుని, కింద మిరపకాయలు వేగే వాసన పీలుస్తూ, ఆమె ఎడమ చేత్తో అవస్థపడుతూ నూరుకోవడం వింటూ బతకడం ఎంత బాధో నాకే తెలుసు. వాయిదాలు సాగాయి. ఆమెకు కోపం చల్లారి నా మీద ప్రేమ పుట్టింది. దుమ్ము తుడుస్తూ, "కేసు అయిపోనీ, నిన్ను దించుతాను. ముందు గోంగూరే" అనేది. కోర్టును ఏమడిగిందో మరిచేపోయింది. నేనూ ఆ మాటే నమ్ముకున్నాను.

చివరికి తీర్పు వచ్చింది.

"గెలిచాం పిన్నీ! మొత్తం డబ్బు, పైన పరిహారం!"

"మరి నా మిక్సీ?"

"తిరిగి ఇచ్చెయ్యాలి. మనం అడిగింది అదే కదా. ఆ డబ్బుతో ఇంకోటి కొనుక్కోండి."

అప్పలనరసమ్మ కొంగుతో నా పెట్టె దుమ్ము మరోసారి తుడిచింది. మర్నాడు తనే నన్ను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కొట్టుకు తీసుకెళ్ళింది.

పనిచేస్తోందో లేదో చూడాలని యజమాని పెట్టె కోసి, నన్ను పైకి తీసి స్విచ్ వేశాడు. మొట్టమొదటిసారి నా బ్లేడు తిరిగింది, ఖాళీ జారులో. నాకు ఏడుపొచ్చింది. అతను ఆపబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండు బాబూ. ఇంకొంచెంసేపు తిరగనీ."