ఎర్రగీత మీద ముల్లు

కారు తాళం చేతికిచ్చిన రోజే మా అమ్మాయితో ఒట్టు వేయించుకున్నాను. ఇంజిన్ వేడి చూపించే ముల్లు సగం దాటిందా, బండి పక్కకు ఆపాల్సిందే. దారిలో కాలిపోయిన కారు ఫోటో ఒకటి చూసినప్పటి నుంచి నాకు ఆ ముల్లు తప్ప వేరే ధ్యాస లేదు.

ఇది జరిగిన రోజు మా అమ్మాయి ఆస్పత్రిలో నర్సుగా చేరాలి. మధ్యాహ్నంలోపు రాకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామని ముందే చెప్పారు. ధైర్యానికి నేను తోడు బయల్దేరాను. ఎవరి ధైర్యానికో మీరే అనుకోండి.

సగం దారిలో ముల్లు ఒక్క గంతులో ఎర్రగీత ఎక్కింది.

"ఆపవే."

ఆపింది. బానెట్ ఎత్తి చూసింది. ఆవిరి లేదు, మాడు వాసన లేదు, ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ల డబ్బా గీత దాకా నిండుగానే ఉంది.

"అగ్గిపుల్ల గీసినా ఫైరింజన్ని పిలుస్తావమ్మా నువ్వు."

"నవ్వు తల్లీ. మాడిపోయాక ఇద్దరం కలిసి నవ్వుకుందాం."

చల్లారేదాకా కూర్చున్నాం. బస్సు తిరిగే దారి కాదు. అది వాచీ చూసుకోవడం, నేను దాన్ని చూడటం. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. సరేనని తాళం తిప్పింది. ఇంజిన్ ఇంకా అందుకోనేలేదు, ముల్లు మళ్లీ ఎర్రగీత మీదే. బానెట్ కింద ఇంజిన్ ఫ్యాను హోరున తిరుగుతోంది.

"అయిపోయిందిలే. రాలేనని ఫోన్ చేసేస్తా," అంది.

అప్పుడు నా బుర్రలో ఒకటి తట్టింది.

"ఏమే, స్టవ్ వెలిగించీ వెలిగించగానే ఎసరు మరుగుతుందా?"

"మరగదు."

"మరి చల్లటి ఇంజిన్ తాళం తిప్పగానే ఎలా మరిగింది?"

అది నా మొహంలోకి చూసింది. "వేడి కొలిచే సెన్సర్ పాడైందేమో. అది తప్పు చెబితే ముల్లూ, ఫ్యానూ దాని మాటే వింటాయి." ఆగి అంది, "వెళ్లనా వద్దా, నువ్వే చెప్పాలి. ఒట్టు నీకే వేశాను."

నేను నీళ్ల డబ్బా మళ్లీ చూశాను. కింద కారుతోందేమోనని వంగి చూశాను.

"బండి పోనీ," అన్నాను.

దారంతా కిటికీలోంచి ముక్కు బయటపెట్టి వాసన చూస్తూనే ఉన్నాను. ఆవిరొస్తే ఆపమని పదిసార్లు చెప్పాను. పదకొండోసారి నోరు తెరవబోతే ఆస్పత్రి గేటు వచ్చింది. అది కాగితాలు పట్టుకుని లోపలికి పరిగెత్తింది. కాసేపటికి ఫోన్ చేసింది, "తీసుకున్నారమ్మా. సాయంత్రం డ్యూటీ అయ్యాక ఇంటికి వెళ్దాం."

సంతోషం ఒక్క నిమిషమే. ముల్లు ఇవాళ ఉత్తుత్తినే భయపెట్టిందనే అనుకుందాం. రేపు నిజంగా మరిగితే, దాని మాట ఎవరు నమ్ముతారు?

గేటు దగ్గర వాచ్‌మన్‌కి అమ్మాయి సాయంత్రం దాకా రాదని చెప్పి, దగ్గర్లో మెకానిక్ షెడ్డు ఎక్కడుందని అడిగాను. వీధి చివర ఉంది, సాయంత్రం దాకా చాలా టైముంది కదమ్మా, కాస్త కూర్చోండి అన్నాడాయన.

అప్పటికే నడుస్తున్నాను.