ముళ్ల మీది ఉన్ని

ఇంగ్లండు కొండల్లో ఉన్ని ఏరేవాళ్లు తిన్నగా నడవలేరు. గొర్రెలు రాసుకుపోయిన ముళ్లకంచెల మీద ఇక్కడో పింజ, అక్కడో పింజ చిక్కుకుని ఉంటుంది. వాటి వెంట పోతూ పోతూ పొద్దంతా తిరిగితే గుప్పెడు దొరుకుతుంది, మనిషి మాత్రం ఎక్కడికీ చేరడు. అందుకే అక్కడివాళ్లు పరధ్యానంలో ఉన్నవాళ్లను చూసి, మనసు ఉన్ని ఏరడానికి పోయింది అంటారు.

అవిస్‌ని ఆ మాట అననివాళ్లు ఊళ్లో లేరు. అందరికంటే ఎక్కువగా అనేది అత్త పెట్రనెల్. జావ మాడితే అదే మాట, కోళ్లను గూట్లో పెట్టడం మరిచిపోతే అదే మాట. పోయిన చలికాలం అవిస్ తొలిచూలు బిడ్డ మూడు వారాలకే చలికి బిగుసుకుపోయింది. ఆ సంగతి మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఇప్పుడామెకు మళ్లీ ఐదో నెల. ఈసారి బిడ్డకు కంబళి ఉండి తీరాలి. ఏరిన ఉన్ని ఇంకా సగానికైనా రాలేదు. రేపు గొర్రెల ఉన్ని కత్తిరించేస్తారు. ఆ తర్వాత ముళ్లకు ఏమీ అంటుకోదు.

ఆ రోజు అవిస్ బయల్దేరేసరికే ఊళ్లో ఆడవాళ్లంతా కంచెలు ఊడ్చేసి పోయారు. మబ్బునీడ ఒకటి మెల్లగా కొండెక్కుతుంటే ఆమె దాని వెనకాలే నడిచింది. ఎటు పోతోందో ఆమెకే తెలియదు. గడ్డి మెత్తగా ఉంది, గాలి వెచ్చగా ఉంది. కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా ఆగి, మళ్లీ నడిచేది.

నీడ జారిపోయిన పల్లంలో, ముళ్లపొదలో ఒక గొర్రె ఇరుక్కుని ఉంది. ఒంటి నిండా ఉన్ని. చుట్టుపక్కల మనిషి అలికిడి లేదు. ముళ్ల మీది ఉన్ని ఏరినవాళ్లది, గొర్రె మీది ఉన్ని ఆసామిది, పీకితే దొంగతనం. అవిస్ ఆ ఉన్నిలోకి వేళ్లు పోనిచ్చింది. ఎంత వెచ్చగా ఉందో! చాలాసేపు అలాగే ఉండిపోయింది, చెయ్యి తీయబుద్ధి కాలేదు. చివరికి ఏడుస్తూనే ఒక్కో ముళ్లతీగా వంచి విరిచింది. గొర్రె ఒక్క గుంజు గుంజుకుని పరుగు తీసింది. దాని పక్కల మీది ఉన్ని అంతా అట్టలుగా ముళ్లకే ఉండిపోయింది.

సాయంత్రం పెట్రనెల్ గడపలోనే ఎదురైంది. కోడలి ఒడి నిండా ఉన్న ఉన్నిని చూసింది, నెత్తురోడుతున్న చేతులు చూసింది. ఎక్కడికి పోయావని అడిగింది. అవిస్ దారి చెప్పలేకపోయింది. గొర్రె మీది ఉన్ని మాత్రం పీకలేదని ఒట్టు పెట్టుకుంది.

"నేనడిగింది అది కాదే," అంటూ ముసలామె ఆ చేతులు పట్టుకుని ముళ్లు తీయసాగింది. "బిడ్డ పోయినప్పట్నుంచీ నీ మనసు ఎటు పోతోందో నాకు తెలీదనుకున్నావా? ఏదో ఓ రోజు అట్నుంచి అటే పోతావేమోనని భయం పిల్లా. తిడితే పలుకుతావు కదా, ఇంకా ఇక్కడే ఉన్నావని తెలుస్తుంది. అందుకే తిట్టేదాన్ని."

"ఇక్కడే ఉన్నానత్తా," అంది అవిస్.