మురుగుకు మార్కులు

తమ్ముణ్ణి మ్యాన్‌హోల్‌లోంచి తాడుతో పైకి లాగి నడిరోడ్డు మీద పడుకోబెట్టారు. ఒళ్లంతా నల్ల బురద, నోట్లో నురగ. వీధులూడ్చే వాడి అక్క చీపురు విసిరేసి పరుగెత్తుకొచ్చింది. తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి వాడి మొహం తుడిచి, ఊపిరి ఆడుతోందో లేదో అని చెవి వాడి ముక్కు దగ్గర పెట్టింది. పారిశుద్ధ్య ఇన్‌స్పెక్టర్ బండి దిగకుండానే, "పైపు క్లియరయిందా?" అని అడిగాడు.

వాడు బతికాడు. వారం తిరక్కుండానే డ్యూటీకి రమ్మని కబురొచ్చింది. రాకపోతే పని పోయినట్టే.

అక్క ఒక్కతే వెళ్లలేదు. మురుగులో దిగేవాళ్లూ, ఊడ్చేవాళ్లూ, చెత్త బండ్లవాళ్లూ కలిసి కమిషనర్ గదిలోకి తోసుకుపోయారు.

"మనిషి దిగకుండా మురుగు లాగే మిషన్ తెస్తామన్నారు. ఏది సారూ?" అంది అక్క.

"కేంద్రం గ్రాంటు ఇవ్వలేదమ్మా. అవసరాన్ని బట్టి మార్కులు వేస్తారు. కిందటిసారి వాళ్ల టీమ్ వచ్చి చూస్తే మన ఊళ్లో మురుగు ఎక్కడా పొంగలేదు. అవసరం లేదని తేల్చారు. మిషన్ పక్క ఊరికి పోయింది."

ఆ టీమ్ వస్తోందని తిండీ నిద్రా మానుకుని గొట్టాలు తోమింది తామే. ఊరు అద్దంలా ఉందని కమిషనర్ పొగిడితే పొంగిపోయిందీ తామే.

"అంటే చేజేతులా మన నోట్లో మనమే మట్టి కొట్టుకున్నామన్నమాట" అన్నాడు బట్టతల మేస్త్రి.

"వాళ్లు మళ్లీ వస్తున్నారు. ఊరు మెరిసిపోవాలి. పరువు సమస్య" అన్నాడు కమిషనర్.

"ఎవరి పరువు సారూ?" అంది అక్క.

ఆ సాయంత్రం పనిముట్ల షెడ్డులో మాటా మాటా పెరిగింది.

"ఈసారి ఎవరమూ దిగొద్దు. ఉన్నది ఉన్నట్టు వాళ్లను చూడనీ" అంది అక్క.

"చెప్పడం తేలికే. ముందు కంపు కొట్టేది మనిళ్ల ముందే" అన్నాడు చెత్తబండి తోసే బావ.

"కొట్టనీ బావా. కడిగితే పోద్ది."

"నోటికాడి కూడు తీసేస్తే?"

"నా తమ్ముడు దగ్గితే నల్లగా పడుతోంది. మళ్లీ దిగితే పైకొచ్చేది శవమే. వాడి తర్వాత నీ కొడుకు. అప్పుడా కూడు ఎవరికి పెడతావ్?"

బావ తల దించుకున్నాడు. మేస్త్రి తాళ్లన్నీ చుట్టి లోపల పడేసి షెడ్డుకు తాళం వేశాడు.

టీమ్ వచ్చే రోజుకి బజారులో మురుగు పొంగి దుకాణాల మెట్లెక్కింది.

"మీ కుళ్లంతా మా మీద రుద్దుతారా?" అని బట్టల కొట్టాయన మీదికొచ్చాడు.

"మీ ఇళ్లలోదే అన్నా. ఇన్నాళ్లూ నీ కంట పడకుండా చూశాం, అంతే" అన్నాడు మేస్త్రి.

కేంద్రం అధికారి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కారు దిగాడు. అక్క ఎదురెళ్లింది.

"ఇదీ మా అవసరం సారూ. రాసుకోండి."

"రాస్తానమ్మా. నిర్వహణ లోపం. దీనికి మార్కులు తగ్గుతాయి. ఉన్నవాటినే చూసుకోలేని మున్సిపాలిటీకి కొత్త మిషన్ ఇవ్వడానికి రూల్స్ ఒప్పుకోవు."

అక్క ఇంకో అడుగు ముందుకు వేసింది.

"శుభ్రంగా ఉంటే అవసరం లేదంటారు. కంపు కొడితే అర్హత లేదంటారు. ఎట్లా ఉంటే ఇస్తారు సారూ?"

ఆయన గడియారం చూసుకున్నాడు.

కమిషనర్ పక్క ఊరి నుంచి ముందే రప్పించిన కూలీలను లారీలోంచి దింపించాడు, వెనకాలే పోలీసులను. ఒక కూలీ నడుముకు తాడు బిగించుకుని మ్యాన్‌హోల్ దగ్గరికి వచ్చాడు. అక్క వెళ్లి ఆ గొయ్యి అంచున, మురుగులోనే కూర్చుంది. చుట్టూ మిగతావాళ్లూ కూర్చున్నారు.

"లే అక్కా. మా పని మమ్మల్ని చేసుకోనియ్."

"మీ ఊరికి మిషన్ వచ్చిందంటగా. నీకీ తాడెందుకు తమ్ముడూ?"

"వచ్చింది. రిబ్బను కోసి ఫొటోలు దిగారు. డ్రైవరుకీ డీజిలుకీ గ్రాంటులో చోటు లేదంట. షెడ్డులో పడుంది. మేం దిగుతూనే ఉన్నాం. మొన్న మా చిన్నాన్న దిగి మళ్లీ రాలేదు."

"మరి ఇందులోకి ఎందుకొచ్చావ్?"

అతను తాడు ముడి విప్పబోయాడు. తడికి బిగుసుకుపోయింది. అక్క కూడా చెయ్యి వేసింది. ముడి వచ్చేసింది. అతను ఆమె పక్కనే చతికిలబడ్డాడు. లారీలో వచ్చినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని, ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు.

అధికారి కారెక్కాడు. పోలీసులు అక్కను ఈడ్చుకెళ్లి వ్యాన్‌లో పడేశారు. తర్వాత మేస్త్రిని, బావను. అప్పుడు గుంపులోంచి తమ్ముడు దగ్గుతూ వచ్చాడు. కమిషనర్ మొహం వెలిగింది.

"దిగుతావా?"

"కూర్చోడానికొచ్చాను సారూ" అని వాడు అక్క కూర్చున్న చోటే కూర్చున్నాడు.

మురుగు కమిషనర్ బూట్లు దాటి చీలమండల దాకా వచ్చింది. దిగేవాడు ఈ ఊళ్లో లేడు. పక్క ఊళ్లోనూ లేడు.