కళ్ళు పెట్టని గాడిదపిల్ల

ట్యాబు అద్దం మీద నూనె మరక కాబోలు అనుకుని కొంగుతో తుడిచింది కనగం, తుడిచేసరికి గాడిదపిల్ల కాస్తా పక్కకి జారి మూతి ఒక్కటే పెద్దదై తెరంతా నిండిపోయింది, మరకా కాదు ఏమీ కాదు, మూతి మీద పొద్దున తను వేసిన తెల్లమచ్చే అది, ఖర్మ, చెక్కగుర్రమైతే ఎంత తుడిచినా కదలకుండా నిలబడేది, ఈ ట్యాబు మీద కొంగు తగిలినా బొమ్మ పరుగెత్తుతుంది, రెండు వేళ్ళూ దగ్గరికి చేర్చి మళ్ళీ చిన్నది చేసింది, అమ్మయ్య, నాలుగు కాళ్ళూ వచ్చాయి, ఒకటి వాలి ఒకటి నిక్కిన చెవులొచ్చాయి, నెత్తిన ఊళ్ళో పోలీసులు పెట్టుకునే ఎర్రటోపీ వచ్చింది, అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు కళ్ళ చోట మాత్రం రెండు తెల్లటి గుంటలు, దేవుడి గుర్రాలకు రంగులేసిన చెయ్యి ఈ వయసులో గాడిదకు టోపీ పెడుతోంది, నాయన చూస్తే నవ్వేవాడో కొట్టేవాడో, మెడ పట్టేసింది, నడుము పట్టేసింది, బయట వైతికుప్పం వైపు నుంచి ఎండుచేపల వాసన గాలితో పాటు వచ్చి పోతోంది, ఇంకా పొద్దు వాలలేదు, సాయంత్రంలోగా పంపాలి.

రెండుసార్లు పంపింది, రెండుసార్లూ కళ్ళు లేకుండానే పంపింది, వైట్ టౌన్‌లో పిల్లల కథలను ఫోన్లలో ఆడించే ఆఫీసు అది, అక్కడి కయల్విళి మంచి పిల్ల, వాళ్ళింట్లోనూ తెలుగే, అక్కా బొమ్మ శానా బాగుండాది, కండ్లు యాడపోయినాయి అని మొదటిసారి నవ్వింది, రెండోసారి నవ్వలేదు, కనగానికి మాత్రం పని మిగిలిపోయిందన్న ఊహే రాలేదు, డొక్క కింద నీడ వేసి, గిట్టలకు మెరుపు పెట్టి, అంతా అయిపోయిందనుకుని పంపేసి హాయిగా నిద్రపోయింది, నాయన దగ్గర ఆమె పని ఎప్పుడూ అక్కడితోనే ఆగేది, నాయన దొరైస్వామి షెడ్డులో ఉత్సవాల ముందు గుళ్ళ వాహనాలు వచ్చి నిలబడేవి, గుర్రం, ఏనుగు, హంస, నంది, పాత రంగు గీకడం ఆమె పని, సుద్దపొడీ చింతగింజల జిగురూ కలిపి పగుళ్ళు పూడ్చడం ఆమె పని, జీనూ కళ్ళెమూ మువ్వలూ ఒక్కొక్కటే ఉడుత వెంట్రుకల కుంచెతో దిద్దడం ఆమె పని, చివరి రోజు నాయన తలకు పోసుకుని వచ్చి వాహనం చుట్టూ తెర కట్టేవాడు, ఆడవాళ్ళు పెరట్లోకి వెళ్ళిపోవాలి, తెరిచే కన్నుకు ఎదురుగా నిలబడకూడదు గనక నాయన ఓ పక్కగా నిలబడి ముందు కుడికన్ను పెట్టేవాడు, తరవాత ఎడమకన్ను, ఆ వెంటనే దాని ముఖానికి అద్దం పట్టడం, తెరిచిన కన్ను మొదట తనను తానే చూసుకోవాలని, పిదప ముసుగు వేసి అటునుంచి అటే గుడికి, ఆమె పెరట్లో అంట్లు తోముతూ వినేది, లోపల గంట కొట్టిన చప్పుడు ఒక్కటే వినిపించేది, ఒకసారి అడిగింది, నేనొక కన్ను పెడతా నాయనా అని, ఏందే, ఆ ఒక్క చుక్క కోసరం ఏడస్తావా, తక్కినదంతా నీదే గదా అన్నాడు, నిజమే, తక్కినదంతా ఆమెదే.

నాయన పోయాక ఆ చుక్క అన్న చెల్లప్పన్‌దైంది, అన్నకు షుగరొచ్చి చూపు మసకబారేసరికి ఎవరిదీ కాకుండా పోయింది, గుళ్ళవాళ్ళు ఇప్పుడు బండ్లకు రంగు కొట్టే షాపులోనే గుర్రాలకూ స్ప్రే గన్నుతో కొట్టించేస్తున్నారు, తళతళలాడతాయట, ఈ గాడిద పనీ పోతే చేతికి మళ్ళీ బొమ్మ అంటూ రాదు, అది మాత్రం ఖాయంగా తెలుసు, ఈ పూట రాకపోతే సారు ఇంకొకరికి ఇచ్చేస్తాడంటక్కా, నేనేం చేసేది అంది కయల్విళి, కండ్లు ఊరికే పెట్టేసేదే గదా, తప్పుపోతే చెరుపుకోవచ్చు, ఒక కన్ను వేస్తే రెండోది దానంతటదే పడేట్టు కూడా చేసుకోవచ్చు అంది, పాపం దానికేం తెలుసు, తెరిచిన కన్నును చెరపడమంటే ఏమిటో, అందుకే అన్నకు చెప్పింది, వచ్చి రెండు చుక్కలు పెట్టి పో అన్నా అని, వస్తాలే అన్నాడు, కిరుమాంబాక్కం నుంచి బస్సెంతసేపు, పొద్దున్నే తలకు పోసుకుంది, కిటికీకి పాత చీర కట్టింది, బొట్టు పెట్టుకునే చేతి అద్దం కడిగి గూట్లో పెట్టింది, గాడిదకు ఈ మర్యాదలేమిటని తనకే నవ్వొచ్చినా తియ్యలేదు.

ఫోను చేసింది, యాడుండావన్నా, బస్సెక్కినావా అంటే అవతల టీవీలో ఎవరో పకపకా నవ్వుతున్నారు, ఏం బస్సు మే, కండ్లు ఆనేదే లేదు, మెట్టెక్కాలన్నా భయంగా ఉండాది, అయినా గాడిదకేంది మే కన్ను తెరిచేది, నువ్వే పెట్టేయ్ అన్నాడు, ఆడది పెట్టగూడదని గదా అంటే, ఎవురన్నారు, అదంతా నాయన కాలంలో మాట, ఇప్పుడెవురు చూస్తారు, పెట్టేయ్ మే, కాఫీ ఆరిపోతా ఉండాది అని ఫోను పెట్టేశాడు, అంతే, కాఫీ ఆరిపోయేలోగా అయిపోయింది, ఇంత తేలికైన మాటా అది, ఇంత తేలిగ్గా తీసి పారేసేదానికేనా ఇన్నేళ్ళు తను పెరట్లో అంట్లు తోమింది, కోపం వచ్చింది, నాయన మీద, అన్న మీద, ఆ టీవీలో నవ్వేవాళ్ళ మీద కూడా వచ్చింది, కాని కోపపడేందుకూ ఓపిక ఉండాలి గదా, వచ్చినంత త్వరగా చల్లారి అలసటే మిగిలింది.

సరే, పెడదాం, పెన్ను తీసుకుంది, నల్లరంగు ఎంచుకుంది, కుడి గుంట దాకా తీసుకెళ్ళింది, చెయ్యి దిగలేదు, అడ్డు చెప్పేవాళ్ళు లేరు, పెరట్లోకి పొమ్మనేవాళ్ళు లేరు, అయినా దిగలేదు, దోషమా, గాడిదకు దోషమేమిటి, మరెందుకే ముండా ఆగిపోతావు అని తన చేతినే తిట్టుకుంది, అంతలో తాకేవాళ్ళు లేక ట్యాబు దానంతటదే ఆరిపోయింది, నల్లటి అద్దంలో ఎవరో ముసలిది, నెరిసిన వెంట్రుకలు చెవుల మీద పడి, కళ్ళజోడు ముక్కు మీదికి జారి, కింది పెదవి వేలాడేసుకుని తనవైపే చూస్తోంది, గూట్లో అద్దం అనవసరం, ఇదే అద్దం, ఒడిలో పెట్టుకున్న దీనికి పక్కగా నిలబడేదెక్కడ, కన్నంటూ తెరిస్తే అది మొదట చూసేది ఈ ముఖాన్నే, ఓహో, ఇదా సంగతి, ఎన్ని గుర్రాల మెడలు నిమిరింది, ఎన్ని ఏనుగుల చెవుల్లోకి దూరి రంగు పూసింది, జుట్టు విరబోసుకుని, చీర ఎగదోపుకుని, అమ్మ చనిపోయిన ఏడాది తను ఓ నంది డొక్కకు తలానించి ఏడ్చింది కూడా, ఏదీ తనను చూడలేదు, ఉత్సవంలో వీధిలోకి వచ్చినా వాటి చూపు ఆమె తల మీదుగా ఎటో పోయేది, చూడనివాటి మధ్య బతకడం ఎంత సుఖం, నాయన వద్దన్నాడని ఇన్నాళ్ళూ ఆయన్ను ఆడిపోసుకుంది గాని ఆ వద్దు చాటున తనూ దాక్కుంది, భయం దోషానికి కాదు, చూపుకు.

చెవుల మీది వెంట్రుకలు వెనక్కి తోసుకుంది, కళ్ళజోడు పైకి జరుపుకుంది, తెరను తట్టింది, గాడిదపిల్ల వచ్చింది, రెండోది దానంతటదే పడేట్టు చేసుకోలేదు, ఊపిరి బిగబట్టి కుడికన్ను పెట్టింది, కాస్త వంకర పోయింది, పోనీ, చెరపలేదు, ఎడమకన్నుకు తొందరేముంది, సాయంత్రం దాకా ఉంది, ఇన్నేళ్ళలో తన చేతిమీదుగా వెళ్ళిన గుర్రం ఒక్కటీ తనను చూసి ఎరగదు, ఈ ఒంటికన్ను గాడిదపిల్ల చూస్తోంది, చూడనీలే అనుకుని కదలకుండా కూర్చుంది.